ఆఫీసు సమావేశంలో స్లైడ్లతో మాట్లాడటం: సన్నాహం నుంచి నిర్ణయం దాకా

"రేపటి మీటింగ్‌కు పీపీటీ సిద్ధం చేయండి" అని పై అధికారి చెప్పగానే చాలామంది వెంటనే పవర్‌పాయింట్ తెరిచి, సంస్థ టెంప్లేట్‌లో శీర్షిక, పేరు, తేదీ నింపి, పాత ఫైళ్లలోని స్లైడ్లను ఒక్కొక్కటిగా తెచ్చి అతికించడం మొదలుపెడతారు. అలా తయారైన ప్రదర్శనలో సమాచారం బోలెడు ఉంటుంది కానీ, చెప్పదలచిన మాట ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది. ఈ మార్గదర్శిలో పవర్‌పాయింట్ తెరిచే ఘట్టం నాలుగు మెట్లు దాటిన తర్వాతే వస్తుంది. సమావేశంలో ఎదుటివారిని ఒప్పించవలసింది మనిషి మాట. ఆ మాటకు కంటితో చూడవలసిన సాక్ష్యం అవసరమైన చోట మాత్రమే స్లైడ్ రావాలి. ఇందులోని ప్రతి సూచనకూ ఆధారం ఇదే.

రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్‌లు ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో రూపొందించిన పవర్‌పాయింట్ 1987లో మెకింతోష్ కంప్యూటర్ల కోసం విడుదలైంది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 1.4 కోట్ల డాలర్లకు కొన్నది. తొలి రూపంలో అది ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్‌పై పెట్టే పారదర్శక షీట్ల కోసం నలుపు తెలుపు పుటలను తయారుచేసేది. 1997లో బిల్ గేట్స్ ఢిల్లీ వచ్చినప్పుడు అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ల్యాప్‌టాప్‌పై ఆయనకు ప్రజెంటేషన్ ఇవ్వడం, మరుసటి ఏడాది హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం రావడం తెలుగు పత్రికల్లో ఎన్నోసార్లు చెప్పుకున్న సంగతులే. 2016 మార్చి 31న తెలంగాణ శాసనసభలోనే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ సాగునీటి ప్రాజెక్టులను పవర్‌పాయింట్ ద్వారా వివరించారు. కలెక్టరేట్ సమీక్ష మొదలుకొని సాఫ్ట్‌వేర్ కంపెనీ వారాంతపు నివేదిక వరకు ఈ పని తెలియనిదే ఉద్యోగం గడవని పరిస్థితి నేడున్నది.

సూచనలు గాలిలో తేలకుండా ఒక ఉదాహరణను చివరిదాకా వెంట తీసుకువెళదాం. ఒక పాల డెయిరీలో సేకరణ విభాగం చూసే అధికారి యాజమాన్యం ముందు మాట్లాడాలి. ఆయన కింద 12 గ్రామాల్లో పాలను చల్లబరిచి నిల్వచేసే బల్క్ మిల్క్ కూలర్ కేంద్రాలు ఉన్నాయి. వేసవిలో సాయంత్రం పూట కరెంటు పోయినప్పుడు పాలు 4 డిగ్రీల దగ్గర నిలవక పాడైపోతున్నాయి. గడచిన వేసవిలోని రెండు నెలల్లో మొత్తం 11 లక్షల రూపాయల నష్టం రాగా, అందులో 9 లక్షలు నాలుగు కేంద్రాలదే. జనరేటర్ ఒక్కొక్కటి 4 లక్షలు. ఈ అంకెలు కేవలం ఉదాహరణ కోసం అనుకున్నవి.

మొదటి మెట్టు: కావలసిన నిర్ణయాన్ని ఒక్క వాక్యంలో రాయండి

తెల్ల కాగితంపై "ఈ సమావేశం ముగిసేసరికి వీరు ఏం చేయాలి?" అన్న ప్రశ్నకు జవాబు రాయండి. "పాల నష్టాలపై అవగాహన కల్పించడం" అని రాస్తే అది జవాబు కాదు, ఎందుకంటే అవగాహన కలిగిందో లేదో సమావేశం చివర తేల్చడానికి వీలుండదు. "నాలుగు కేంద్రాలకు జనరేటర్లు కొనడానికి 16 లక్షల రూపాయలను మార్చి లోపల మంజూరు చేయాలి" అన్నది జవాబు. ఇందులో ఎవరు ఏం చేయాలో, ఎంత ఖర్చో, ఎప్పటిలోగానో తేటగా ఉన్నాయి. పురోగతి నివేదిక లాంటి సమావేశాల్లో నిర్ణయం అడగవలసిన పని లేకపోవచ్చు. అప్పుడు కూడా వినేవారు తప్పక గుర్తుంచుకోవలసిన ఒక్క మాట ఏమిటో రాసుకోవాలి. ఆ వాక్యం రాయలేకపోతే సమావేశాన్ని వాయిదా వేయించుకోవడం, లేదా ఈమెయిల్‌తో సరిపెట్టడం మంచిది.

రెండో మెట్టు: ఎదుట కూర్చునేవారిని తెలుసుకోండి

ఫైనాన్స్ మేనేజర్‌కు పెట్టిన డబ్బు ఎన్నాళ్లకు తిరిగి వస్తుందో కావాలి. ప్లాంట్ మేనేజర్‌కు జనరేటర్ నడిపే మనిషి ఎవరు, డీజిల్ ఎవరు తెస్తారు అన్నది కావాలి. మేనేజింగ్ డైరెక్టర్‌కు, పాలు వెనక్కి పంపినందుకు కోపగించుకున్న రైతులు మరో డెయిరీకి పోతున్నారా అన్నది కావాలి. ఒకే విషయం ముగ్గురికీ మూడు ప్రశ్నలుగా కనిపిస్తుంది గనుక, ఆ ప్రశ్నలను వారి పేర్లతో సహా రాసుకొని, ప్రతిదానికి ప్రసంగంలో ఎక్కడ జవాబు వస్తుందో గుర్తు పెట్టుకోవాలి. వీలైతే సమావేశానికి ముందే వారిలో ఒకరిద్దరిని కలిసి విషయం చెప్పి, అభ్యంతరాలు వినండి. మన ఆఫీసుల్లో పెద్దవారు అందరి ఎదుట మొదటిసారి విన్న ప్రతిపాదనకు వెంటనే సరేననడం అరుదు. ముందుగా ఒక మాట చెవిన వేసి ఉంచితే వారికీ ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

మూడో మెట్టు: మాటను ముందు కూర్చుకోండి

ప్రసంగాన్ని స్లైడ్లు లేకుండా ఐదు నిమిషాల్లో సహోద్యోగికి చెప్పి చూడండి. పాఠశాలలో వ్యాసం రాసేటప్పుడు ఉపోద్ఘాతం, నేపథ్యం, విశ్లేషణ, చివరకు ముగింపు అనే వరుస మనకు అలవాటైంది. ఆఫీసు సమావేశంలో ఈ వరుసను తిరగవేయాలి. అడగదలచినదాన్ని మొదటి నిమిషంలోనే అడిగి, కారణాలను ఆ తర్వాత చెప్పండి. నిర్ణయం తీసుకునేవారు ఏ క్షణంలోనైనా ఫోన్ వచ్చి బయటికి వెళ్లవచ్చు. మీకిచ్చిన ఇరవై నిమిషాలు ముందు వక్త ఆలస్యం వల్ల ఎనిమిదికి తగ్గవచ్చు. అసలు మాట చివరి స్లైడ్‌లో ఉంటే అది ఎవరి చెవినీ పడదు.

మాట కుదిరాక దానిని పరిశీలించి, కంటికి చూపితే తప్ప నమ్మకం కలగని చోట్ల పక్కన చిన్న గీత పెట్టండి. ఏ కేంద్రంలో ఎంత నష్టమో పోల్చడానికి చిత్రం కావాలి. కరెంటు పోయిన తర్వాత పాల ఉష్ణోగ్రత గంటగంటకు ఎలా పెరిగిందో చూపడానికి గ్రాఫ్ కావాలి. రైతుల అసంతృప్తి గురించి చెప్పడానికి మాత్రం మీరు ఊళ్లో విన్న మాటే చాలు, దానికి స్లైడ్ అక్కరలేదు. గీతలు ఎన్ని ఉంటే అన్నే స్లైడ్లు.

నాలుగో మెట్టు: చూపేదాన్ని, చదివేదాన్ని వేరు చేయండి

ఆఫీసు స్లైడ్లు కిక్కిరిసిపోవడానికి ప్రధాన కారణం వక్త అజ్ఞానం కాదు. ఒకే ఫైలును తెరపై చూపడానికీ, రానివారికి మెయిల్‌లో పంపడానికీ, రేపు ఆడిట్‌లో ఆధారంగా ఉంచడానికీ వాడాలనుకోవడమే ఆ కారణం. తెరపై చూసేవారికి తక్కువ కావాలి, ఇంట్లో కూర్చొని చదివేవారికి అన్నీ కావాలి. ఒక్క ఫైలు ఈ రెండు పనులూ చేయబోతే రెండూ చెడతాయి.

అందుకే రెండు తయారుచేయండి: తెర కోసం స్లైడ్లు, చేతికివ్వడానికి పూర్తి వాక్యాలలో రాసిన రెండు పుటల నోట్. పట్టికలు, షరతులు, కొటేషన్లు, లెక్క వేసిన పద్ధతి అన్నీ నోట్‌లోకి పోతాయి. అమెజాన్‌లో జెఫ్ బెజోస్ 2004లో పై స్థాయి సమావేశాల నుంచి స్లైడ్లను పూర్తిగా తీసివేసి, వాక్యరూపంలో రాసిన నోట్లను తెచ్చారు. ఆరు పుటలకు మించని ఆ నోట్‌ను అందరూ సమావేశం మొదట్లో మౌనంగా చదువుతారు. అంత కఠినంగా పోనవసరం లేదు కానీ, విషయం చిక్కుగా ఉండి, ఒక అంశానికి మరొక అంశం ఎలా కారణమవుతుందో వివరించవలసి వచ్చినప్పుడు స్లైడ్ కంటే నోట్ మేలని నా దృఢమైన అభిప్రాయం. నోట్ రాయడానికి సమయం లేదనేవారు గమనించవలసింది ఒకటుంది. రెండో మెట్టులో రాసుకున్న ప్రశ్నలు, మూడో మెట్టులో చెప్పి చూసిన మాట కలిపితే ఆ నోట్ సగం రాసినట్లే.

ఐదో మెట్టు: శీర్షిక స్థానంలో తీర్పు రాయండి

ఇప్పుడు పవర్‌పాయింట్ తెరవవచ్చు. గూగుల్ స్లైడ్స్ అయినా, లిబ్రెఆఫీస్ ఇంప్రెస్ అయినా తేడా లేదు. ప్రతి స్లైడ్ పైభాగంలో విషయం పేరుకు బదులు, ఆ స్లైడ్ ఏం నిరూపిస్తుందో చెప్పే పూర్తి వాక్యం రాయండి. "నష్టాల విశ్లేషణ" అంటే ఏమీ చెప్పనట్లే. "వేసవిలో వచ్చిన 11 లక్షల నష్టంలో 9 లక్షలు నాలుగు కేంద్రాలదే" అంటే స్లైడ్ మాట్లాడినట్లు. కింద ఆ వాక్యాన్ని రుజువు చేసే చిత్రమో, గ్రాఫో, ఫొటోనో ఒక్కటే ఉండాలి. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో మైకేల్ ఆలీ ఇంజనీర్లకు, శాస్త్రవేత్తలకు ఏళ్ల తరబడి నేర్పిన పద్ధతి ఇదే. వాక్యం రెండు వరుసలు దాటకూడదు.

ఈ సూచన ఎంత బరువైనదో 2003 నాటి కొలంబియా స్పేస్ షటిల్ ప్రమాదం చూపుతుంది. జనవరి 16న ప్రయోగించిన కొద్దిసేపటికే ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు (ఫోమ్) ముక్క ఒకటి షటిల్ ఎడమ రెక్కను తాకింది. షటిల్ ఇంకా కక్ష్యలో ఉండగానే బోయింగ్ ఇంజనీర్లు ఆ దెబ్బ తీవ్రతను అంచనా వేసి నాసా అధికారులకు స్లైడ్లు చూపారు. వాటిలో ఒక స్లైడ్ శీర్షిక, పరీక్షల సమాచారాన్ని చూస్తే అంచనాలు భద్రత వైపే మొగ్గి ఉన్నాయన్న ధ్వనినిచ్చింది. కింద చిన్న అక్షరాలలో, ఒకదాని కింద మరొకటిగా ఒదిగిపోయిన అంశాల చివర అసలు విషయం ఉంది: పరీక్షించిన నురుగు ముక్క పరిమాణం 3 ఘనపు అంగుళాలు కాగా, రెక్కను తాకినదాని అంచనా పరిమాణం 1920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు పెద్దది. ఆ పరీక్షల ఆధారంగా ధీమాగా ఏమీ చెప్పలేమన్నదే దాని అర్థం. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ షటిల్ ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు. స్లైడే ప్రమాదానికి కారణమని చెప్పలేం. అయితే ఆ ఏడాది ఆగస్టులో వెలువడిన దర్యాప్తు బోర్డు నివేదిక ఈ స్లైడ్‌ను ప్రత్యేకంగా పరిశీలించి, ఒక పై అధికారి దీనిని చదివి కూడా ఇది ప్రాణాపాయానికి సంబంధించినదని గ్రహించకపోవడం సులభమేనని రాసింది. సాంకేతిక పత్రాల స్థానంలో స్లైడ్లను వాడే అలవాటు నాసాలో పాతుకుపోయిందని కూడా తప్పుపట్టింది.

ఆ స్లైడ్ శీర్షికగా "తాకిన ముక్క మనం పరీక్షించినదానికంటే 640 రెట్లు పెద్దది" అని ఉంటే గదిలో చర్చ వేరుగా సాగి ఉండేదని నేను నమ్ముతాను. శీర్షికలు రాయడం పూర్తయ్యాక వాటిని మాత్రమే వరుసగా చదవండి. మీ వాదన మొత్తం వాటిలో వినిపించాలి. ఎక్కడ తెగిందో అక్కడ ఒక స్లైడ్ లేదు, లేదా ఎక్కువైంది.

బుల్లెట్ల మాట కూడా ఇక్కడే చెప్పాలి. తెరపై వాక్యాలు ఉంచి వాటినే చదివే వక్తను అనుసరించడం వినేవారికి శ్రమ. వారు కళ్లతో ముందే చదివేసి, వక్త గొంతు ఎప్పుడు అక్కడికి చేరుతుందా అని ఎదురు చూస్తారు, లేదా చదువుతూ వినడం మానేస్తారు. జాన్ స్వెల్లర్, రిచర్డ్ మేయర్ వంటి విద్యా మనస్తత్వవేత్తల పరిశోధనలు కూడా చిత్రానికి మాట తోడైతే అవగాహన పెరుగుతుందనీ, అదే మాటను అక్షరాలలో కూడా తెరపై పెడితే అది భారమవుతుందనీ చూపాయి. మీరు మరచిపోతారేమోనన్న భయంతో రాసుకునే అంశాలను తెరపై కాక, స్లైడ్ కింద ఉండే నోట్స్ పెట్టెలో రాసుకోండి.

ఆరో మెట్టు: అంకెలను కంటికి అందేలా పెట్టండి

ఎక్సెల్ పట్టికను అలాగే తెచ్చి అతికించడం ఆఫీసు ప్రదర్శనల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం. 12 కేంద్రాలు, నెలలు, లీటర్లు, వెన్న శాతం, ధర అన్నీ ఉన్న పట్టికను చూపి "ఇది మీకు సరిగ్గా కనిపించకపోవచ్చు" అని చెప్పవలసి వస్తే, ఆ స్లైడ్ చూపకూడదు. అందులో మీ వాదనకు అవసరమైన నిలువు వరుస ఒక్కటే: కేంద్రానికెంత నష్టమన్నది. దానిని అడ్డపట్టీల గ్రాఫ్‌గా, ఎక్కువ నుంచి తక్కువకు క్రమంలో పేర్చండి. నాలుగు కేంద్రాలకు ముదురు రంగు, మిగిలిన ఎనిమిదింటికి బూడిద రంగు వేయండి. అంకెను పట్టీ చివరనే రాస్తే పక్కన కొలబద్ద, వెనుక గళ్లు అక్కరలేదు. పట్టీల గ్రాఫ్ ఎప్పుడూ సున్నా నుంచే మొదలవ్వాలి. మధ్యలో కత్తిరిస్తే చిన్న తేడా పెద్దదిగా కనిపిస్తుంది, అది గమనించిన ఫైనాన్స్ మేనేజర్ ఆ తర్వాత మీ అంకెలేవీ నమ్మరు.

కాలంతో పాటు మారేదానికి గీతల గ్రాఫ్ వాడండి. వృత్తాన్ని ముక్కలుగా కోసే పై (pie) చార్ట్ రెండు మూడు భాగాల వరకే పనికొస్తుంది. త్రీడీ ఆకారాలు అంకెలను వంకర చేస్తాయి గనుక వాటిని పూర్తిగా వదిలేయండి. ఎరుపు, ఆకుపచ్చ తేడాతోనే అర్థం చెప్పే గ్రాఫ్ కొందరికి ఒకే రంగుగా కనిపిస్తుంది. రంగుతో పాటు పేరు కూడా రాయాలి.

లక్షలు, కోట్లు, మిలియన్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. హైదరాబాద్ నుంచి అమెరికా క్లయింట్‌తో మాట్లాడే బృందాలు 16,00,000 అని రాస్తే వారికి కామాల స్థానం అర్థం కాక ఒక క్షణం ఆగిపోతారు. వారికి 1.6 మిలియన్ అని రాయాలి. డెయిరీ యాజమాన్యానికి 16 లక్షలే సరైనది. ఒకే ప్రదర్శనలో రెండు పద్ధతులూ కలపకూడదు.

ఏడో మెట్టు: తెలుగు అక్షరాలకు కావలసినంత చోటివ్వండి

ప్రభుత్వ కార్యాలయాలు, సహకార సంఘాలు, శిక్షణ తరగతులలో స్లైడ్లు తెలుగులోనే ఉండాలి, ఉంటున్నాయి కూడా. అక్కడ వచ్చే ఇబ్బందులు ఇంగ్లిష్‌లో రాసిన సలహాల్లో దొరకవు. డీటీపీలో వాడే అను ఫాంట్లతో టైపు చేసిన వాక్యం, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులుగా మారిపోతుంది. కాబట్టి అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్ పద్ధతిలోనే టైపు చేయండి. విండోస్‌లో నిర్మలా యూఐ ఫాంట్ ఉంటుంది, తెలుగు భాషను చేర్చుకుంటే గౌతమి కూడా వస్తుంది. ఉచితంగా దొరికే నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటివి కూడా యూనికోడ్‌వే. రామభద్ర లాంటి దట్టమైన అక్షరాలు శీర్షికలకు బాగుంటాయి. మామూలు వాక్యాలకు పలుచని అక్షరం మేలు.

విండోస్‌లో కొత్త ఫాంటు వాడినప్పుడు ఫైల్ మెనూలో ఆప్షన్స్, అందులో సేవ్ విభాగంలోకి వెళ్లి, ఫాంట్లను ఫైలులోనే పొదిగే అమరికను ఎంచుకోండి. దానితో పాటు పీడీఎఫ్ ప్రతి ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుంటే ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు చెదరవు.

తెలుగు లిపికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు ఇస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. వరుసల ఎడం 1.2 లేదా 1.3 చేయండి. అక్షరం 28 పాయింట్లకు తగ్గనివ్వకండి, వెనుక వరుసలోని పెద్దవారికి దకూ, ధకూ తేడా కనిపించాలి. అక్షరాల మధ్య ఎడాన్ని పెంచడం, వాలు అక్షరాలు వాడటం తెలుగులో చదవడాన్ని కష్టం చేస్తాయి. వెలుతురు ఉన్న గదిలో ప్రొజెక్టర్ వాడుతుంటే తెల్లని నేలపై నల్లని అక్షరాలే స్పష్టంగా కనిపిస్తాయి.

ఎనిమిదో మెట్టు: నిలబడి, గట్టిగా చెప్పి చూడండి

మనసులో అనుకోవడం అభ్యాసం కాదు. నిలబడి, గడియారం పెట్టుకొని, పైకి చెప్పాలి. ఇచ్చిన సమయంలో మూడింట రెండు వంతులకే ప్రసంగం ముగియాలి, మిగిలింది ప్రశ్నలకు. నిమిషానికి ఒక స్లైడ్ అన్న లెక్కలను పట్టించుకోకండి. ఒక గ్రాఫ్‌పై నాలుగు నిమిషాలు మాట్లాడవచ్చు, ఒక ఫొటో పది సెకన్లలో దాటిపోవచ్చు. ఎక్కడ తడబడుతున్నారో అక్కడ సాధారణంగా స్లైడ్ల వరుస తప్పుగా ఉంటుంది, గొంతు కాదు.

తొమ్మిదో మెట్టు: గదిని ముందే చూసుకోండి

సమావేశానికి కనీసం అరగంట ముందు వెళ్లండి. ప్రొజెక్టర్‌కు హెచ్‌డీఎంఐ కావాలా, పాత వీజీఏ కావాలా చూసి, మీ ల్యాప్‌టాప్‌కు తగిన కన్వర్టర్ వెంట ఉంచుకోండి. విండోస్ మీటతో పాటు పి నొక్కితే తెర ఎంపికలు వస్తాయి. అక్కడ ఎక్స్‌టెండ్ ఎంచుకుంటే నోట్స్ మీకు, స్లైడ్లు మాత్రమే ప్రేక్షకులకు కనిపిస్తాయి. ఇప్పటి స్లైడ్లు 16:9 నిష్పత్తిలో ఉంటాయి. పాత ప్రొజెక్టర్లు 4:3 కావచ్చు, అప్పుడు పైనా కిందా నల్లపట్టీలు వచ్చి అక్షరం చిన్నదవుతుంది. వాట్సాప్ నోటిఫికేషన్లు ఆపివేయండి. గది చివరి కుర్చీలో కూర్చొని మీ స్లైడ్లలో అన్నిటికంటే చిన్న అక్షరాన్ని చదవండి. చదవలేకపోతే అక్కడికక్కడే సరిదిద్దండి. కరెంటు పోతే రెండు పుటల నోట్‌తోనే మాట్లాడగలిగేలా తగినన్ని ప్రతులు చేతిలో ఉండాలి.

పదో మెట్టు: తెరతో కాదు, మనుషులతో మాట్లాడండి

తెర పక్కన, ప్రేక్షకుల ఎడమచేతి వైపు నిలబడండి. ఎడమ నుంచి కుడికి చదివే కన్ను మీ నుంచి స్లైడ్‌కు సహజంగా వెళుతుంది. కొత్త స్లైడ్ రాకముందే దాని గురించి ఒక వాక్యం చెప్పండి: "నష్టం అన్ని కేంద్రాల్లో సమానంగా లేదు, చూడండి" అని, అప్పుడు మీట నొక్కండి. గ్రాఫ్ వచ్చాక రెండు మూడు సెకన్లు మౌనంగా ఉండి, ఏ గీత ఏమిటో చెప్పి, ఆ తర్వాత అర్థం చెప్పండి. స్లైడ్‌తో పని లేని మాట చెప్పేటప్పుడు బి మీట నొక్కితే తెర నల్లగా మారుతుంది, మళ్లీ నొక్కితే తిరిగి వస్తుంది. రైతులు మీతో అన్న మాటలు చెప్పే నిమిషంలో ఈ నల్ల తెర ఎంతో ఉపయోగపడుతుంది. అందరి చూపూ మీ వైపు తిరుగుతుంది. ఆన్‌లైన్ సమావేశంలో ఇదే పనికి స్క్రీన్ షేరింగ్ కాసేపు ఆపివేసి కెమెరాలో కనిపించండి.

పదకొండో మెట్టు: ప్రశ్నలకు వెనుక స్లైడ్లు

రెండో మెట్టులో రాసుకున్న ప్రశ్నల్లో ప్రసంగంలో చోటు దొరకనివాటికి చివర అదనపు స్లైడ్లు ఉంచండి: డీజిల్ ఖర్చు, సోలార్ ప్రత్యామ్నాయం, జనరేటర్ కొటేషన్లు. వాటి సంఖ్యలు కాగితంపై రాసుకుంటే, ప్రదర్శన నడుస్తుండగానే ఆ అంకె టైపు చేసి ఎంటర్ నొక్కి నేరుగా అక్కడికి వెళ్లవచ్చు. ఎవరైనా మధ్యలోనే ప్రశ్న అడిగితే "అది తర్వాత వస్తుందండీ" అని దాటవేయకండి, ముఖ్యంగా అడిగినది నిర్ణయం తీసుకునేవారైతే. అప్పుడే క్లుప్తంగా జవాబిచ్చి ముందుకు సాగండి. తెలియని అంకెను ఊహించి చెప్పవద్దు. ఎప్పటిలోగా తెలుసుకొని చెబుతారో చెప్పండి.

ప్రశ్నల తర్వాత "థాంక్యూ" అన్న స్లైడ్‌ను తెరపై వదిలేయకండి. మొదటి మెట్టులో రాసిన వాక్యం, నాలుగు కేంద్రాల పేర్లు, 16 లక్షలు, రెండు వేసవుల్లో తిరిగి వచ్చే 18 లక్షల లెక్క ఉన్న స్లైడ్‌ను ఉంచండి. చర్చ జరుగుతున్నంతసేపూ అందరి కళ్ల ముందూ అదే ఉండాలి.

పన్నెండో మెట్టు: అదే రోజు పంపవలసినవి

సాయంత్రంలోగా నోట్‌ను, స్లైడ్ల పీడీఎఫ్‌ను హాజరైనవారికి, రానివారికి పంపండి. ఈమెయిల్ మొదటి వరుసలోనే ఏం నిర్ణయమైంది, ఎవరి బాధ్యత, ఏ తేదీ అన్నవి రాయండి. నిర్ణయం వాయిదా పడితే, ఏ సమాచారం కోసం వాయిదా పడిందో, దానిని ఎవరు తెస్తారో రాయండి. సమావేశంలో ఎవరైనా మీ లెక్కలో తప్పు చూపి ఉంటే ఫైలులో సరిదిద్ది, ఏ స్లైడ్‌లో ఏం మారిందో ఈమెయిల్‌లో చెప్పి, ఫైలు పేరులో తేదీ చేర్చి పంపండి. పాత ప్రతి మరొకరి కంప్యూటర్ నుంచి వచ్చే వేసవి సమావేశంలో తెరపైకి రాకుండా ఉండటానికి ఆ తేదీ అవసరం.